శక్తిమంతమైన పెట్రోలు ఇంజన్లు ఎందుకు తెరమరుగవుతున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

2023 డిసెంబరు 22న కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారం నుంచి చిట్టచివరి డాడ్జ్ ఛాలెంజర్ బయటికి వచ్చింది. అది డెమన్ 170 రకం. దాని బానెట్ కింద ఉన్నది, గాలిని కుక్కే సూపర్‌ఛార్జరు బిగించిన 6.2 లీటర్ల వి8 ఇంజను. ఇథనాల్ పాలు ఎక్కువగా ఉండే ఇ85 ఇంధనం పోస్తే ఆ ఇంజను 1,025 హార్స్‌పవర్ ఇస్తుంది. సాధారణంగా ఏ యంత్రమైనా పాతబడి, బలం తగ్గి, కొనేవారు లేక మూలపడుతుంది. ఈ ఇంజన్లు మాత్రం తమ చరిత్రలో ఎన్నడూ లేనంత బలంగా ఉన్న సమయంలోనే తప్పుకుంటున్నాయి. ఈ విషయంలో తరచుగా వినిపించే సందేహాలకు సమాధానాలు ఇవి.

“శక్తిమంతమైన పెట్రోలు ఇంజను” అంటే ఇక్కడ ఏ ఇంజనని అర్థం?

మన వీధుల్లో తిరిగే పెట్రోలు కార్లలో చాలా వరకు మూడు లేదా నాలుగు సిలిండర్లవి. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఎనిమిది, పది, పన్నెండు సిలిండర్ల ఇంజన్ల గురించి. ఎనిమిది సిలిండర్లను నాలుగేసి చొప్పున రెండు వరసలుగా, ఎదురుగా నిలబడి చూస్తే ఇంగ్లీషు వి అక్షరంలా కనబడేటట్టు అమరిస్తే అది వి8. వి10, వి12 కూడా అదే పద్ధతి. ఆరు సిలిండర్ల ఇంజన్లను ఈ లెక్కలో కలపలేదు, ఎందుకంటే వాటికి ఇంకా గిరాకీ బాగానే ఉంది.

నిజంగా ఏయే ఇంజన్లు ఆగిపోయాయి?

ఛాలెంజర్‌తో పాటే దాని తోడు కారైన ఛార్జర్ పాత రూపం కూడా 2023 చివరికి ముగిసింది. షెవర్లే కమారో 2023 డిసెంబరులోనూ, వి10 ఇంజను గల ఆడి ఆర్8 2024 మార్చిలోనూ ఆగిపోయాయి. బెంట్లీ సంస్థ 2003 నుంచి లక్షకు పైగా తయారుచేసిన ఆరు లీటర్ల డబ్ల్యు12 ఇంజను (పన్నెండు సిలిండర్లను డబ్ల్యు అక్షరంలా అమర్చినది) 2024 వేసవిలో వీడ్కోలు పుచ్చుకుంది. లంబోర్గినీ తన వి10ను వదిలి నాలుగు లీటర్ల వి8కు రెండు టర్బోలు (బయటికి పోయే పొగ బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని కుక్కే పంపులు), మూడు ఎలక్ట్రిక్ మోటార్లు జతచేసింది. బుగాటీ పదహారు సిలిండర్ల డబ్ల్యు16కు మిస్ట్రాల్ అనే మోడలుతో ముగింపు పలికింది. మజిల్ కార్లు అనే పెద్ద ఇంజను గల అమెరికా కార్లలో ఎడతెగకుండా వి8తో సాగుతున్నది ఫోర్డ్ మస్టాంగ్ ఒక్కటే.

వీటిని తప్పించింది ఎలక్ట్రిక్ కార్లేనా?

ఇది అందరూ నమ్మే మాట, కానీ సగమే నిజం. బీఎండబ్ల్యూ ఎం5లో ఐదు లీటర్ల వి10 ఇంజను ఉండేది. అది 2010లో ఆగిపోయింది. టెస్లా మోడల్ ఎస్ మొదటిసారి రోడ్డెక్కింది 2012లో. అంటే ఆ వి10ను మూలకు నెట్టే నాటికి పోటీపడే ఎలక్ట్రిక్ కారే లేదు. దాని చోటులోకి వచ్చినది టర్బోలు బిగించిన 4.4 లీటర్ల వి8. అది పాత ఇంజను కంటే ఎక్కువ బలమిస్తూ తక్కువ పెట్రోలు తాగింది. ఎం3లో ఉన్న వి8 స్థానంలోకి కూడా కొన్నాళ్లకే టర్బో గల ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. పెద్ద ఇంజన్లకు తొలి దెబ్బ తగిలింది టర్బో నుంచి, అంటే ఇంటివాడి చేతిలోనే.

అసలు ఒత్తిడి ప్రభుత్వ నిబంధనలది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు నడిచే వి8 కారు కిలోమీటరుకు 290 గ్రాముల దాకా వదులుతుందన్నమాట. ఐరోపా సమాఖ్య 2020 నుంచి 2024 దాకా కొత్త కార్ల సగటు ఉద్గారాలకు పెట్టిన లక్ష్యం కిలోమీటరుకు 95 గ్రాములు. ఒక సంస్థ తనకు నిర్ణయించిన హద్దును సగటున దాటితే, దాటిన ఒక్కో గ్రాముకు, అమ్మిన ప్రతి కారుకూ 95 యూరోల చొప్పున జరిమానా కట్టాలి. పది లక్షల కార్లు అమ్మే సంస్థ ఐదు గ్రాములు దాటితే ఆ జరిమానా 47.5 కోట్ల యూరోలవుతుంది. ఏ సంస్థ ఖాతాల విభాగమైనా ఆ అంకె చూశాక వి8 శబ్దం ఎంత మధురంగా ఉందో వినే స్థితిలో ఉండదు.

అయితే ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలను ఆ సగటులో సున్నాగా పరిగణిస్తారు కనుక, ఒక సంస్థ ఎన్ని ఎక్కువ ఎలక్ట్రిక్ కార్లు అమ్మితే అన్ని పెద్ద ఇంజన్లను సగటు చెడకుండా అమ్ముకోగలదు. కొన్ని వి8లు నేటికీ బతికి ఉన్నాయంటే పక్క షోరూములో అమ్ముడైన ఎలక్ట్రిక్ కార్ల చలవే కొంత.

ఇలా జరగడం ఇదే మొదటిసారా?

కాదు. 1970లో షెవర్లే షెవెల్లో 7.4 లీటర్ల వి8 ఇంజనుకు కంపెనీ చెప్పిన బలం 450 హార్స్‌పవర్. ఐదేళ్లు తిరిగేసరికి, అదే సంస్థ తయారుచేసే కార్వెట్ స్పోర్ట్స్ కారులోని మామూలు 5.7 లీటర్ల వి8 బలం 165 హార్స్‌పవర్‌కు పడిపోయింది. ఈ రెండంకెలనూ నేరుగా పోల్చడం న్యాయం కాదు. ఇంజనును విడిగా బల్ల మీద పెట్టి కొలిచే పాత పద్ధతి పోయి, కారులో ఉండే సైలెన్సరు, ఆల్టర్నేటరు వంటివన్నీ తగిలించి కొలిచే పద్ధతి 1972 నుంచి వచ్చింది. ఆ తేడాను తీసేసినా పతనం పెద్దదే. 1970లో అమెరికా తెచ్చిన వాయుశుద్ధి చట్టం, సీసం లేని పెట్రోలుకు సరిపడేలా ఇంజన్లలో కంప్రెషన్ (సిలిండరులో ఇంధన మిశ్రమాన్ని నొక్కే మేర) తగ్గించడం, కుర్రవాళ్ల మజిల్ కార్లకు బీమా కంపెనీలు పెంచిన ప్రీమియం, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు విధించిన చమురు నిషేధం, 1975 నుంచి కార్లకు పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్లు రావడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి.

ఆ దెబ్బ నుంచి ఇంజను కోలుకుంది. కార్బ్యురేటరు పోయి, ఇంధనాన్ని కంప్యూటరు లెక్కగట్టి చల్లే పద్ధతి వచ్చాక బలమూ శుభ్రతా రెండూ కుదిరాయి. 2015 మోడలుగా వచ్చిన డాడ్జ్ హెల్‌క్యాట్ 707 హార్స్‌పవర్ ఇస్తూనే నాటి ఉద్గార నిబంధనలకు లోబడింది. కాకపోతే 1975లో పెట్రోలు ఇంజనుకు పోటీగా మరొక యంత్రం లేదు. జనం అదే ఇంజను కోలుకునే దాకా ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు.

ఎలక్ట్రిక్ కారుకు అంత పికప్ ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోలు ఇంజను తిరుగుతూ ఉంటే తప్ప బలమివ్వలేదు. నిలబడి ఉన్న కారును కదిలించాలంటే, ముందే నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతున్న ఇంజనును క్లచ్ ద్వారానో టార్క్ కన్వర్టర్ ద్వారానో మెల్లగా చక్రాలకు తగిలించాలి. దాని పూర్తి తిప్పుడుబలం నిమిషానికి కొన్ని వేల చుట్లకు చేరితే గానీ అందదు. అందుకే గేర్లు కావాలి. మోటారుకు ఈ తతంగమేదీ లేదు. కరెంటు అందిన క్షణం నుంచే, సున్నా చుట్ల దగ్గరే, తన తిప్పుడుబలం మొత్తాన్ని చక్రాలకు ఇచ్చేస్తుంది.

పెట్రోలు ఇంజను అంతటి బలం తెచ్చుకోవడానికి ఎంత కష్టపడాలో హెల్‌క్యాట్ ఇంజనును చూస్తే తెలుస్తుంది. దాని సూపర్‌ఛార్జరు అంటే ఇంజను నెత్తిన కూర్చుని గాలిని కుక్కే పంపు. ఒకదానిలో ఒకటి పెనవేసుకుని తిరిగే రెండు మరలు సిలిండర్లలోకి గాలిని తోస్తాయి. ఆ పంపును తిప్పే బెల్టును లాగడానికే ఇంజను గరిష్ఠ వేగంలో సుమారు 80 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. ఒక చిన్న కారును నడిపేంత బలం, కేవలం గాలిని లోపలికి తోయడానికి! ఇంత చేసినా పెట్రోలులో ఉన్న శక్తిలో పెద్ద భాగం వేడిగా మారి రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా బయటికి పోతుంది. 1,001 హార్స్‌పవర్ గల బుగాటీ వేరాన్‌కు ఆ వేడిని వదిలించుకోవడానికి పది రేడియేటర్లు పెట్టాల్సి వచ్చింది. మోటారు మాత్రం తనకు అందిన విద్యుత్తులో తొంభై శాతానికి పైగా కదలికగా మారుస్తుంది.

వెయ్యి హార్స్‌పవర్ ఒకప్పుడు రాజుల సొత్తు. ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్మే షియోమీ తయారుచేసిన ఎస్‌యు7 అల్ట్రా, నాలుగు తలుపుల సెడాన్, 1,548 హార్స్‌పవర్‌తో చైనాలో 5.3 లక్షల యువాన్ల లోపు ధరకు దొరుకుతోంది. పెట్రోలు ఇంజను ఓడిపోయింది ఇక్కడే. బలం కష్టపడి సాధించే వస్తువుగా ఉన్నంత కాలం దానికి విలువ ఉండేది. బలం చవకైపోయాక ఆ కష్టానికి వెల కట్టేవారు తగ్గారు.

అయితే అన్నిటిలోనూ ఎలక్ట్రిక్‌దే పైచేయా?

కాదు, బరువులో పెట్రోలు ముందు బ్యాటరీ ఇంకా నిలవలేదు. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కారు బ్యాటరీ ప్యాకులో కిలోకు సాధారణంగా 0.2 యూనిట్లకు మించదు. ఇంజను వృథా చేసేదంతా తీసేసినా పెట్రోలుదే అనేక రెట్ల ఆధిక్యం. అందుకే డాడ్జ్ కొత్త ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ డేటోనా బరువు రెండున్నర టన్నులు దాటింది. అంత బరువును మలుపులో తిప్పాలన్నా, బ్రేకు వేసి ఆపాలన్నా టైర్ల మీద పడే భారం చిన్నది కాదు. రేసు ట్రాకు మీద వరసగా చుట్లు కొడుతుంటే బ్యాటరీ వేడెక్కి బలం తగ్గించుకుంటుంది కూడా.

గరిష్ఠ వేగం విషయంలో ఉన్న కోట మాత్రం ఇటీవల కూలింది. బుగాటీ షిరాన్ 2019లో జర్మనీలో గంటకు 490.48 కిలోమీటర్లు అందుకుంది. 2025 సెప్టెంబరులో, జర్మనీలోనే మరో ట్రాకు మీద, చైనా సంస్థ బీవైడీకి చెందిన యాంగ్‌వాంగ్ యు9 ఎక్స్‌ట్రీమ్ అనే ఎలక్ట్రిక్ కారు 496.22 కిలోమీటర్లు నమోదు చేసింది.

శబ్దం పోయిందని అంతగా బాధపడటం ఎందుకు?

తెలియనివారికి ఇది పిల్లచేష్టగా కనిపించవచ్చు. సైలెన్సరు మార్చిన మోటారుసైకిళ్ల రొద రాత్రుళ్లు భరించేవారికి మరీ. కానీ వి8 శబ్దం వట్టి మోత కాదు, దానికి ఒక లయ ఉంది, ఆ లయకు లెక్క ఉంది.

చల్లగా ఉన్న అమెరికన్ వి8ను స్టార్ట్ చేస్తే, స్టార్టరు అర సెకను మూలిగాక ఇంజను ఒక్కసారి అరిచి పైకి లేస్తుంది. కాసేపటికి వేడెక్కి నెమ్మదిస్తుంది. అప్పుడు వినిపించే గుడగుడలో తాళం సమంగా ఉండదు. ఒక దెబ్బ త్వరగా పడుతుంది, తరవాతిది కాస్త ఆగి పడుతుంది, కారు మొత్తం ఒక పక్కకు కొద్దిగా ఊగుతుంది. ఎనిమిది సిలిండర్లూ కలిపి చూస్తే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) తిరిగే ప్రతి 90 డిగ్రీలకు ఒకటి చొప్పున సమంగానే పేలుతాయి. కానీ ఒక పక్క వరసలోని నాలుగింటినే చూస్తే వాటి మధ్య ఎడం 90, 180, 270, 180 డిగ్రీలుగా ఉంటుంది. ఒక్కో పక్క పొగ ఒక్కో గొట్టం గుండా పోతుంది కనుక ఆ ఎగుడుదిగుడు లయే చెవికి చేరుతుంది. ఫెరారీ వంటి సంస్థలు క్రాంక్‌షాఫ్ట్‌ను మరో ఆకారంలో చేసి రెండు వరసలూ సమంగా పేలేటట్టు అమరుస్తాయి, అందుకే వాటిది గుడగుడ కాక సన్నని కేక. విచిత్రమేమంటే, 1920లలో క్యాడిలాక్ ఇంజనీర్లు మొదటి రకం క్రాంక్‌షాఫ్ట్‌ను వాడింది ఇంజను అదురు తగ్గించి, ప్రయాణం మెత్తగా సాగాలని. ఆ లయ ఎవరూ కోరుకుని చేసింది కాదు, పని మధ్యలో పుట్టుకొచ్చింది.

డాడ్జ్ సంస్థ ఎలక్ట్రిక్ ఛార్జర్ కారుకు స్పీకర్లు, గాలి గదులు అమర్చి వి8ను పోలిన శబ్దాన్ని పుట్టించింది. ఆ ప్రయత్నంలో నిజాయితీ ఉన్నా, పేలుడు లేని చోట పేలుడు మోత వినిపించడంలో ఏదో వెలితి ఉంది. అమ్మకాలు కూడా సంస్థ ఆశించినంతగా లేవు. ఎలక్ట్రిక్ కారు తన సొంత గొంతుతో మాట్లాడినప్పుడే బాగుంటుందని నా అభిప్రాయం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ‘ఫార్ములా-ఈ’ ఎలక్ట్రిక్ కార్ల పందెంలో ఆ గొంతు మనవారికి దగ్గరగా వినిపించింది. సన్నని ఈల లాంటి మోటారు ధ్వని, మలుపుల్లో రోడ్డును గీరుకుపోయే టైర్ల కీచు. ఇంజను గర్జన కింద ఎప్పుడూ అణగిపోయే టైర్ల చప్పుడు వేరుగా తెలియడం అక్కడి కొత్తదనం.

పెట్రోలు కార్ల గొంతు కూడా ఎలక్ట్రిక్ కార్ల కంటే ముందే నొక్కేశారని మరవకూడదు. ఐరోపాలో 2018 నుంచి పెట్రోలు కార్ల పొగగొట్టాలకు మసిని పట్టే వడపోతలు రావడంతో వాటి అరుపు చాలా తగ్గింది. మరోపక్క అదే ఐరోపా, పాదచారులకు తెలియాలని, నెమ్మదిగా వెళ్లే ఎలక్ట్రిక్ కార్లు ఏదో ఒక శబ్దం చేసి తీరాలని 2019 నుంచి నిబంధన పెట్టింది.

చిన్న ఇంజనుకు మోటారు జోడిస్తే పెద్ద ఇంజను లోటు తీరదా?

అంకెల్లో తీరుతుంది, మనసుల్లో తీరుతుందో లేదో మెర్సిడెస్ తెలుసుకుంది. సి63 ఏఎంజీ అనే కారులో నాలుగు లీటర్ల వి8ను తీసేసి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకు వెనక చక్రాల దగ్గర మోటారు కలిపింది. మొత్తం బలం 503 నుంచి 671 హార్స్‌పవర్‌కు పెరిగింది. బరువు రెండు టన్నులు దాటింది. కాగితం మీద అన్నీ పెరిగినా, సి63 కొనేవారు ఏ శబ్దం కోసం కొనేవారో అది పోయింది, విమర్శలు గట్టిగానే వచ్చాయి.

బుగాటీ దీనికి తలకిందులుగా ఆలోచించింది. 2024లో చూపించిన టూర్బియాన్ కారులో టర్బోలు లేని 8.3 లీటర్ల వి16 ఇంజను వెయ్యి హార్స్‌పవర్ ఇస్తే, మోటార్లు మరో 800 కలుపుతాయి. బలం మోటార్లు ఇస్తాయి కనుక ఇంజను స్వేచ్ఛగా పాడుకోవచ్చని దాని ధోరణి. అయితే ఆ పాట ధర పన్నులు కాక 38 లక్షల యూరోలు.

వి8లు మళ్లీ వస్తున్నాయని వార్తలు వస్తున్నాయి, నిజమేనా?

అమెరికాలో నిజమే. రామ్ సంస్థ 2025 మోడలు 1500 పికప్ ట్రక్కులో హెమీ అని పిలిచే 5.7 లీటర్ల వి8ను తీసేసి, కొనుగోలుదారుల నుంచి వ్యతిరేకత రావడంతో 2026 మోడలుకు తిరిగి తెచ్చింది. జనరల్ మోటార్స్ 2025 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని టోనావాండా ఇంజను కర్మాగారంలో కొత్త తరం వి8 కోసం 88.8 కోట్ల డాలర్లు పెడుతున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం మైలేజీ నిబంధనలు దాటిన సంస్థలకు వేసే జరిమానాలను సున్నా చేసింది, ఎలక్ట్రిక్ కార్లకు ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీని సెప్టెంబరు 30తో ఆపేసింది. ఐరోపాలో కూడా 2035 తరవాత కొత్త పెట్రోలు కార్లు ఉండరాదన్న నియమాన్ని కొంత సడలించాలని యూరోపియన్ కమిషన్ 2025 డిసెంబరులో ప్రతిపాదించింది.

వీటిని చూసి పాత రోజులు తిరిగొచ్చాయనుకోవడం తొందరపాటు. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్. ప్రపంచంలోనే పెద్ద కార్ల విపణి అయిన చైనా ఎటు నడుస్తోందో అందరికీ కనిపిస్తూనే ఉంది. ఒక్క దేశపు చట్టాన్ని నమ్ముకుని పదిహేనేళ్లకు సరిపడా కొత్త ఇంజను రూపొందించే ధైర్యం అందరికీ ఉండదు. అప్పటికే ఉన్నవాటి ఆయుష్షు పెరుగుతుంది, అంతే.

కృత్రిమ పెట్రోలు వీటిని కాపాడగలదా?

కొద్దిమందికి కాపాడవచ్చు. పోర్షే పెట్టుబడితో చిలీ దక్షిణ కొసన ఉన్న పుంటా అరేనాస్ దగ్గర 2022 చివర్లో ఒక కేంద్రం మొదలైంది. అక్కడ గాలిమరల కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి, దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపి పెట్రోలు చేస్తారు. ఇది పనిచేస్తుంది. కానీ ఆ కరెంటును నేరుగా బ్యాటరీలో నింపితే నడిచే దూరంతో పోలిస్తే, పెట్రోలుగా మార్చి ఇంజనులో కాలిస్తే నడిచే దూరం చాలా తక్కువ.

మన దేశంలో ఈ మార్పు ఎలా ఉంది?

మనకు వి8 సంప్రదాయం లేనే లేదు, కాబట్టి పోగొట్టుకున్నదీ తక్కువే. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో ఐదు లీటర్ల వి8తో 65 లక్షల రూపాయలకు వచ్చి, 2020లో బీఎస్6 ఉద్గార నిబంధనలు అమలయ్యే నాటికి వెళ్లిపోయింది. మన దగ్గర పెద్ద ఇంజనును మొదటి నుంచీ అణిచి ఉంచింది పన్నే. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజను గల పెట్రోలు కారుకు 18 శాతం, అంతకు మించితే 40 శాతం. ఎలక్ట్రిక్ కారు ఎంత పెద్దదైనా, ఎంత బలమైనదైనా 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము కూడా మినహాయించింది.

దీని ఫలితంగా 280 హార్స్‌పవర్ పైచిలుకు గల మహీంద్రా బీఈ 6 ఇప్పుడు 27 లక్షల లోపు షోరూము ధరకు దొరుకుతోంది. అంత బలం గల పెట్రోలు కారు ఆ ధరలో మన దేశంలో దొరకడం అరుదు. అంటే వేగం రుచి మొదటిసారి తెలుసుకుంటున్న మన కుర్రవాళ్లలో చాలామందికి అది మోటారు రూపంలోనే పరిచయమవుతోంది.

అమెరికాలో ఉన్నవారు ఇప్పుడు పాత వి8 కారు కొనవచ్చా?

ఇష్టపడి నడుపుకోవడానికైతే కొనవచ్చు. లాభానికి దాచుకుందామనుకుంటే జాగ్రత్త. హెల్‌క్యాట్ వంటివి పెద్ద సంఖ్యలో తయారయ్యాయి, కాబట్టి అరుదైన వస్తువులు కావు. సూపర్‌ఛార్జరు ఉన్నవాటికి ఖరీదైన ప్రీమియం పెట్రోలే పోయాలి, వెనక టైర్లు త్వరగా అరుగుతాయి, వయసు తక్కువైన డ్రైవరు పేరు మీద బీమా అడిగితే వచ్చే అంకె చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. పైగా ఈ కార్లు దొంగలకు మహా ఇష్టం, కనుక రాత్రి గ్యారేజీలో పెట్టుకునే వీలు లేనివారు మరోసారి ఆలోచించుకోవాలి.

వీటిని తయారుచేసిన కర్మాగారాలు, కార్మికులు ఏమయ్యారు?

ఒక్కో చోట ఒక్కో తీరు. ఇంగ్లండులోని క్రూ పట్టణంలో డబ్ల్యు12 ఇంజన్లను చేత్తో కూర్చే పనివారికి వేరే పనిలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు చేస్తామని బెంట్లీ చెప్పింది. హెమీ ఇంజన్లకు తిరిగి గిరాకీ వచ్చింది. చివరి డెమన్ బయటికి వచ్చిన బ్రాంప్టన్ కర్మాగారంలో మాత్రం ఛాలెంజర్ ఆగిన తరవాత పాత యంత్రాలు తీసేసి, కొత్త జీప్ కంపాస్ తయారీకి సిద్ధం చేయడం మొదలుపెట్టారు. ఆ పని 2025 ఫిబ్రవరిలో మధ్యలో నిలిచిపోయింది. అదే ఏడాది అక్టోబరులో, డాడ్జ్, జీప్‌ల మాతృసంస్థ అయిన స్టెల్లాంటిస్ ఆ జీప్‌ను అమెరికాలోని బెల్విడీర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించడంతో, దాదాపు మూడు వేల మంది కార్మికులు పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు.